కప్పు మీద టవలు

నగరిలో బస్సెక్కి, కిటికీ పక్క సీటు దొరికిందని సంతోషించేలోపే సీటు పట్టుకోవడానికి బయటినుంచి ఎవరో విసిరిన టవలు వచ్చి నా ఒళ్లో పడింది. వెనకే ఒకాయన ఎక్కి, దాన్ని తీసి భుజాన వేసుకుని నా పక్కన కూర్చున్నాడు. ఇక ఆయన నోరు మూతపడలేదు. పోనీ వానల గురించా, ఊళ్లో మగ్గాల గురించా? రష్యా బాస్కెట్‌బాల్ గురించి.

సోవియట్ దేశం ముక్కలయ్యాక పాత పోటీ పోయి, రష్యాకు సొంత లీగు వచ్చిందట. ఆ సంగతులన్నీ రేడియోలో వింటాడట.

"పోటీకి పేర్లు మారుస్తా ఉండారు గానీ, ప్రతి ఏడూ గెలిచేది మాత్రం మాస్కో సైన్యం జట్టేనప్పా. కప్పు మీద టవలు ఏసినారు వాళ్లు."

పుత్తూరు దాటేసరికి నా బుర్ర వాచిపోయింది.

"అట్లయితే మిగతావాళ్లు ఎందుకప్పా ఆడేది? ఇండ్లల్లో ఉండొచ్చు కదా" అని కసిరాను.

ఆయన నొచ్చుకోలేదు. "టవలు పక్కకు తీసి కూసునేటోడు ఎవుడో ఒగడు వస్తాడులే అప్పా" అన్నాడు.

నేను కళ్లు మూసుకుని నిద్ర నటించాను.

కొన్నేళ్లకు అదే దారిలో బస్సులో పోతూ పేపరు చూస్తున్నాను. ఆటల పేజీ అడుగున చిన్న వార్త. యూరల్ కొండల వైపు ఊరి జట్టొకటి రష్యా లీగు గెలిచిందట. చుట్టూ చూశాను. ఆయన ఎందుకుంటాడు? ఉండబట్టలేక పక్కాయనతో, "టవలు తీసేసినారప్పా" అన్నాను.

అతను నన్ను ఎగాదిగా చూసి, మా మధ్య పడి ఉన్న తన టవలును ఒళ్లోకి లాక్కున్నాడు.