కంబం మెట్టు, మా తాత అరచెయ్యి

ఖమ్మానికి ఆ పేరెలా వచ్చిందో నాకు మొదట చెప్పింది పుస్తకం కాదు, మా తాత. వయసులో ఉన్నప్పుడు ఆయన పెనుబల్లి నుంచి ఎడ్లబండి మీద అక్కడికి చింతపండు తోలుకుపోయేవాడు. దూరం నుంచి గుట్ట కనిపిస్తే ఊరొచ్చినట్టే.

"గుట్ట మీద రాయి కంబం లెక్క నిలబడి ఉంటది. అందుకే కంబం మెట్టు. జనం నోట్ల పడి ఖమ్మం మెట్టయింది. ఇయ్యాల ఒట్టి ఖమ్మం," అనేవాడు.

మొదటిసారి వచ్చిన బండివాడు గుట్టెక్కి, ఆ రాతికి అరచెయ్యి ఆనించి దిగితేనే మిగతా బండ్లవాళ్లు అతన్ని తమ పొయ్యి దగ్గర కూర్చోనిచ్చేవారట. "నేనెక్కింది ఎండాకాలం. చెయ్యి కాలింది. కిందికొచ్చి చూపిస్తేనే బువ్వ పెట్టిండ్రు."

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, ఖమ్మంలో జిల్లా చరిత్ర మీద వక్తృత్వ పోటీ పెట్టారు. తాత ఇస్త్రీ చొక్కా వేసుకుని నాతో బస్సెక్కాడు. నేను ఆ అరచెయ్యి దగ్గరికి రాగానే, న్యాయనిర్ణేతగా కూర్చున్న చరిత్ర సారు బెల్లు కొట్టారు. నాకింకా రెండు నిమిషాలున్నాయి. గోడ గడియారం నేను చూశాను.

"రాజుల సంగతి చెప్పమ్మా. బండ్లోళ్ల ముచ్చట్లు చరిత్ర కాదు," అన్నారు.

హాలంతా నవ్వింది. రెండో వరసలో ఉన్న తాత కూడా నవ్వాడు. అందరూ నవ్వుతుంటే తానూ నవ్వాలనుకున్నాడేమో. బహుమతి రాకపోవడం కంటే తాత నవ్వే నన్ను ఎక్కువ కోసింది. తాత చెప్పిందంతా పెట్టి సారుకు ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. మళ్లీ రాశాను.

ఐదారేళ్ల తర్వాత ఆ సారే పట్టణ చరిత్ర మీద చిన్న పుస్తకం వేశారు. కొని తెరిస్తే గుట్ట, రాయి, కాలిన చెయ్యి, బువ్వ అన్నీ ఉన్నాయి. ముందు మాత్రం "స్థానికులు చెప్పుకుంటారు" అని ఒక్క ముక్క.

తాతకు చదువు రాదు. అరుగు మీద కూర్చోబెట్టి ఆ పేజీ చదివి వినిపించాను. స్థానికులు అన్న చోట "పెనుబల్లిలో బండి తోలిన ఒక పెద్దాయన తన మనవరాలికి చెప్పాడు" అని నేనే కలిపి చదివాను.

"అవ్? నన్ను రాసిండా?" అని తాత లేచి నిలబడ్డాడు. పక్కింటివాళ్లను పిలిచి వాళ్ల ముందు మళ్లీ చదివించాడు. అంతటితో ఆగితే బాగుండేది. సారును కలిసి రావాలని మర్నాడు సంచిలో సీతాఫలాలు సర్దాడు.

"ఆయనకెందుకు తాతా? నిన్ను పదిమందిలో నవ్వులపాలు చేసిండు."

"ఎప్పటి ముచ్చటే అది! నీకు మతిమరుపన్నదే లేదు పిల్లా. నిన్ను ఎవడు చేసుకుంటడో గని, వాని పని ఖతం."

నేను వెంట వెళ్లలేదు. సారు ఆ పేజీ తెరిస్తే నా అబద్ధం బయటపడుతుంది. తాత సంబరం అక్కడే పోతుంది. సాయంత్రం దాకా బస్సు ఆగే చోటే నిలబడ్డాను.

తాత ఖాళీ సంచి మడత పెట్టుకుంటూ దిగాడు.

"సారు మంచోడే. కుర్చీ ఏసిండు, చాయ్ ఇప్పిచ్చిండు. పుస్తకం తీసి తనే చదివి వినిపిచ్చిండు."

నేను సంచి అందుకున్నాను. ఇద్దరం ఇంటిదాకా నడిచాం. గుమ్మం ముందు చెప్పులు విడుస్తూ తాతే అన్నాడు:

"నువ్వు చదివిందే మంచిగుందే, పిల్లా."