సద్దిగిన్నె మీద పేరు

పోశన్నకు ఈత రాదు. అయినా మెసయీద్ తీరంలో అతని చేయి పడకుండా ఎవరూ నీటి అడుగుకు దిగరు. డైవింగ్ దుకాణంలో సిలిండర్లకు గాలి నింపేదీ, తిరిగొచ్చిన రబ్బరు సూట్లను మంచినీళ్ళలో కడిగి ఆరేసేదీ అతనే. జగిత్యాల దిక్కు మనిషి. యాభై దాటాయి. పదకొండేళ్ళుగా ఖతార్‌లో ఉన్నా ఊళ్ళో మాత్రం ఇప్పటికీ దుబాయ్ పోశన్నే. ఈ గిన్నె సంగతి నాకు చెప్పడానికి అతనికి మూడు శుక్రవారాలు పట్టింది. మొదటి రెండుసార్లూ కోపం ఆగక మధ్యలో లేచి వెళ్ళిపోయాడు.

చలికాలంలో దుకాణం పడవ మునిగిన టగ్గు దగ్గరికి వెళుతుంది. టగ్గు అంటే పెద్ద ఓడలను లాగే చిన్న ఓడ. నాలుగేళ్ళ కిందట ఒక గాలిదుమారంలో ఒరిగిపోయి, పదిహేను మీటర్ల లోతున ఇసుకలో కూర్చుంది. ఇప్పుడు దాని కిటికీల్లో హమ్మూర్ చేపలు కాపురముంటున్నాయి. వాటిని చూడడానికి జనం దిగుతారు. అక్కడ ఏదీ ముట్టుకోవద్దని డైవింగ్ నేర్పే శిఫా ప్రతిసారీ చెబుతుంది. ఆమెది హైదరాబాద్. అయినా మొన్న జనవరిలో ఒకడు ఇంజన్ గదిలోంచి ఒక డబ్బా సంచిలో వేసుకొచ్చాడు. శిఫా అతణ్ణి నాలుగు తిట్టి, డబ్బా లాక్కుని పోశన్న చేతికిచ్చింది.

"సిర్కాలో నానేసి గీకు పోశన్నా. ఏందో చూద్దాం."

"ఏముంటది మేడం, నిజాం బంగారమా?" అని నవ్వాడు.

వెనిగర్‌లో గంటసేపు నానాక, గవ్వల్లా గట్టిపడిన పెంకులను కత్తి మొనతో ఊడదీశాడు. కింద స్టీలు తేలింది. సద్దిగిన్నె. మూత మీద చుక్కచుక్కగా కొట్టిన తెలుగు అక్షరాలు. ముందు 'పెండ్లికి' అన్న మాట కనబడింది. మన స్టీలు సామాన్ల దుకాణంవాడు కొట్టే అక్షరాలు ఈ సముద్రంలో ఎక్కడివని ఇంకా గీకాడు.

'సునంద పెండ్లికి మేనమామ పోశన్న.'

అది అతని పేరే. జగిత్యాల బజారులో పక్కన నిలబడి అతను కొట్టించిన పేరే.

సునంద అతని అక్క కూతురు. ఆమె మొగుడు అంజిని ఖతార్ రప్పించిందీ పోశన్నే. అంజి బిర్కత్ అల్ అవామిర్ క్యాంపులో ఉండి, పరంజీలు కట్టే ఒక కంపెనీలో హెల్పర్‌గా చేసేవాడు. ఒకనాడు ఆ గిన్నెలోనే సద్ది కట్టుకుని డ్యూటీకి పోయి తిరిగి రాలేదు. వారానికి కంపెనీ అతను పారిపోయాడని కాగితం పెట్టింది. అలా పోయినవాణ్ణి మనవాళ్ళు కల్లివెల్లి అంటారు. అదే వారంలో టగ్గు మునిగింది. దాని మీద ముగ్గురే ఉన్నారని, ముగ్గురూ బతికారని అందరూ విన్నారు. పరంజీ కట్టేవాడికీ టగ్గుకూ సంబంధం ఉంటుందని ఎవరికీ తట్టలేదు. అంజి ఇంకో ఆడదాన్ని ఉంచుకున్నాడని ఊళ్ళో పుకారు లేచింది. ఆ మాట అందరికంటే గట్టిగా అన్నవాడు పోశన్న. సెలవుపై వెళ్ళినప్పుడు కులపోళ్ళ ముందే, "వాని పేరెత్తకు బిడ్డా. వాడు మనిషే గాదు" అని సునందను కసిరాడు.

"గీ నోరు పడిపోను," అని నాతో అని, రెండో శుక్రవారం అక్కడితో లేచాడు.

గిన్నె బయటపడ్డ మర్నాడే శిఫా అతణ్ణి తన కారులో అంజి కంపెనీ ఆఫీసుకు తీసుకెళ్ళింది. ఆ టగ్గునూ ఆ కంపెనీయే నడిపేది; అది మునిగినప్పుడు రిపోర్టు రాసిన సేఫ్టీ ఆఫీసర్ కృష్ణప్రసాద్‌ది కాకినాడ. టగ్గులో దొరికిందని చెప్పి పోశన్న గిన్నెను టేబుల్ మీద పెట్టాడు.

"సదువు సారూ."

కృష్ణప్రసాద్ చదివి, మూతను మెల్లగా పక్కకు జరిపాడు. "గిన్నె దొరికితే మనిషి టగ్గులో ఉన్నట్టేనా పోశన్నగారూ? ఎవరికైనా ఇచ్చుంటాడు."

"పెండ్లాం పేరున్న గిన్నె ఎవనికిస్తడు? నువ్విస్తవా?"

"రికార్డులో ముగ్గురే ఉన్నారండీ."

"గా రికార్డు రాసింది ఎవరు? నువ్వే గద!"

"మెల్లగా మాట్లాడండి, బయట స్టాఫ్ ఉన్నారు."

"విననీ! అందరు విననీ!"

సెక్యూరిటీ వచ్చి ఇద్దరినీ బయటికి పంపాడు. శిఫా నేరుగా పోలీస్ స్టేషన్‌కు కారు తిప్పింది. గిన్నె దొరికిన చోటు ఫోటోలు, ఆనాడు ఎవరు దిగారో రాసిన డైవింగ్ పుస్తకం చూపించింది. రెండు రోజుల తర్వాత పోలీసు అధికారి కృష్ణప్రసాద్‌ను పిలిపించి, మూత మీద ఏం రాసుందో ఇంగ్లీషులో చెప్పమన్నాడు. ఆయన చెప్పాడు. మేనమామ అంటే ఎవరని అధికారి అడిగితే, తల ఎత్తకుండా పోశన్న వైపు చూపించాడు. తర్వాత టగ్గు మీద ఎంతమంది అని అడిగాడు అధికారి.

"నలుగురు," అన్నాడు కృష్ణప్రసాద్. "అంజిని తుప్పు గీకడానికి ఒక్కరోజుకని పోర్టు పాస్ లేకుండా పంపాం. అతను బయటికి రాలేదు. పైవాళ్ళు ముగ్గురనే రాయమన్నారు."

పోశన్న కుర్చీ వెనక్కి తన్ని లేచాడు. "నాలుగేండ్లు! పిల్ల బొట్టు ఉంచుకోవాల్నా తీసెయ్యాల్నా తెల్వక బతికింది. దినాలు జెయ్యలే. సల్లగ కంపెనీల కూసుంటివి, నీ నోట్లె మన్నువొయ్య, గీ ఒక్క ముక్క అప్పుడే అంటే ఏం పోతుండె?"

శిఫా చేయి పట్టుకుని ఆపింది. గిన్నెను సాక్ష్యంగా సంచిలో వేసి, పారిపోయాడన్న కాగితం రద్దుకు రాస్తామని అధికారి చెప్పాడు.

స్టేషన్ మెట్ల మీద నుంచే పోశన్న సునందకు ఫోన్ చేశాడు. ఆమె అంతా వింది. ఏడుస్తుందనుకున్నాడు.

"మామా, ఆయన నన్నిడిశి పోయెటోడు గాదని చెప్పిన్నా లేదా?"

"చెప్పినవ్ బిడ్డా."

"ఎన్నిసార్లు జెప్పిన?"

అతను ఫోన్ ఇంకో చెవికి మార్చాడు.

"కంపెనోడు అబద్ధమాడిండు, వాడు పరాయోడు. నువ్వు నా తల్లి తోడబుట్టినోనివి. నువ్వెట్ల నమ్మినవ్ మామా? కులపోల్ల ముంగట నిలవడి అంటివి. ఇప్పుడు ఫోన్ల కాదు, గదే కులపోల్ల ముంగట నిలవడి తప్పని చెప్పు. వస్తవా, రావా?"

"వస్త."

"ఎప్పుడొస్తవ్?"

ఆ సాయంత్రమే పోశన్న సెలవడిగాడు. ఎన్ని రోజులు కావాలంది శిఫా. "కులపోళ్ళు కూడేదాంక మేడం," అన్నాడు.