వంతెనకు గడప

మొన్న గురువారం, దోహా ఇండస్ట్రియల్ ఏరియాలో నేను పనిచేసే వడ్రంగి షెడ్డు ముందు ఒక లారీ పాత చెక్కల్ని దించి పోయింది. పనికొచ్చేవి ఏరుతుంటే అడుగున ఒక బరువైన టేకు దిమ్మె చేతికి తగిలింది. మిగతా పలకలన్నీ కాళ్ల రాపిడికి నడుమ గుంటలు పడి ఉన్నాయి కాని, దీని అంచులు నిన్న చిత్రిక పట్టినట్టే ఉన్నాయి; అందరూ దాటిందే తప్ప ఎవరూ తొక్కింది కాదు మరి. అది మా మేనమామ చెక్కిన గడప. ఇంటిది కాదు, వంతెనది. వంతెనకు గడపేమిటని మీరు నవ్వుతారు. అప్పట్లో నేనూ నవ్వాను.

మన ఈడువాళ్లకు జ్ఞాపకం ఉంటుంది, ఆ రోజుల్లో దోహా దాటి ఉత్తరానికి పోతే ఇసుక, అక్కడక్కడా బోరునీళ్ల మీద బతికే ఖర్జూర తోటలు తప్ప కంటికి ఏమీ ఆనేవి కావు. మామ నాకు వీసా పంపి పిలిపించుకున్నది అలాంటి తోటకే. ఊళ్లో అత్తకు ఇది ఖతర్ అని ఎంత చెప్పినా, దుబాయ్‌లో అదొక వాడ కాబోలు అనుకునేది. మాకు వీసా ఇచ్చిన యజమానిని అందరిలాగే కఫీలు అనేవాళ్లం. ఆయన ఇంటికీ ఖర్జూర చెట్లకూ నడుమ వెడల్పాటి నీటికాలువ ఉండేది. ఆయన తల్లికి, మేము పెద్దమ్మ అనుకునే ఆవిడకు, పొద్దువాలే వేళ చెట్లలోకి పోయి కూర్చోవడం అలవాటు. ఆ ముసలి ప్రాణం ఎండకు కందిపోకుండా కాలువ మీద కప్పున్న కర్ర వంతెన కట్టమని కఫీలు మామకు పురమాయించాడు. వాన మొహం చూడని చోట వంతెనకు కప్పు, అదీ నీడ కోసం.

చలికాలమంతా కట్టాం. దూలాలు, వాసాలు, పలకలు, వాటి మీద ఖర్జూర మట్టల చాప. అంతా అయ్యాక మామ ఇంటివైపు మొదట్లో అడ్డంగా ఈ బెత్తెడు ఎత్తు గడప బిగించాడు. బిగించేముందు అడుగున పసుపు కూడా రాశాడు, ఎవరూ చూడకుండా. ఇదేందని అడిగాను.

“నెత్తి మీద కప్పు పడ్డంక అది ఇల్లే అల్లుడా. కడప లేని ఇల్లుంటదా?” అన్నాడు.

మొదటిరోజే కఫీలు తల్లిని చెయ్యిపట్టి నడిపిస్తూ, పనివాళ్లందరి ముందూ, గడప తన్నుకుని ముందుకు తూలాడు. ఆయనకు రావలసిన కోపమంతా వచ్చింది. ఆ అరబ్బీ తిట్లలో చెప్పదగ్గవి మాత్రం తోట డ్రైవరు, నిజామాబాద్ సాయిబన్న, తెలుగులోకి దించాడు.

“మేస్త్రీ, రేపటికల్ల అది కోసెయ్యాల్నట. లేకుంటే నీకు, నీ అల్లునికి ఇంటికి టికెట్ తీస్తడట.”

అప్పటికి ఊళ్లో మామ ఇల్లు మొండిగోడలతో కప్పు కోసం ఎదురుచూస్తోంది. ఈ పని పోతే ఆ గోడలు వానకు నానిపోవలసిందే. అయినా మామ తాపీగా తువ్వాలతో మొహం తుడుచుకుని, “కడప మీద రంపం పెట్టనే. టికెట్ తియ్యమను,” అన్నాడు. తన ఇంటికి కప్పు లేదు కాని పరాయి వంతెన గడప కోసం పంతమా అని అలిగి, ఆ పూట అన్నం వేరే కూర్చుని తిన్నాను.

మర్నాడు సాయంత్రం కఫీలు ఇంకో పనివాడి చేతికి రంపం ఇచ్చి తీసుకొచ్చాడు. వెనకాలే పెద్దమ్మ వచ్చింది. వంగి గడపను చేత్తో తడిమి, కొడుకుతో ఏదో అని నవ్వింది. సముద్రం ఒడ్డున ఆవిడ పుట్టింటి తలుపుకూ ఇట్లాంటిదే ఉండేదట, కాలెత్తందే లోపలికి పోలేకపోయేవాళ్లట, డ్రైవరన్న మెల్లగా చెప్పాడు. తర్వాత ఆవిడ నల్లబట్ట కుచ్చెళ్లు కాస్త పైకి పట్టుకుని, కాలెత్తి గడప దాటి, వెనక్కి తిరిగి కొడుకును రమ్మని “యల్లా” అంది. ఆయన ఒక్క క్షణం నిలబడి, తానూ కాలెత్తి దాటాడు. టికెట్ల మాట మళ్లీ ఎత్తలేదు.

ఆ కప్పు కింద మేము ఎన్ని మధ్యాహ్నాలు కుబూస్ రొట్టెలు తిని, కాలువ గాలికి కునుకు తీశామో చెప్పలేను. పెద్దమ్మ కాలం చేసేదాకా ప్రతి సాయంత్రం ఆ గడప దాటింది. మామ ఊరికి పోయి, తన ఇంటికి కప్పు వేయించుకుని, కొన్నేళ్లు దాని కిందే ఉండి, కన్నుమూశాడు. నేనే ఇక్కడ మిగిలాను.

దిమ్మెను ఫరీజ్ అబ్దుల్ అజీజ్ పేటలోని నా గదికి తెచ్చుకుని, ఎవరి కాలూ తగలకుండా మంచం కింద గోడవైపు పెట్టాను. మనసు ఊరుకోక శుక్రవారం డ్రైవరన్నను వెంటబెట్టుకుని తోటకు పోయాను. కర్రలు పుచ్చిపోయాయని కొన్నాళ్ల కిందటే ఊడదీసి ఓ మూల పడేసి, అదే చోట కాంక్రీటు వంతెన వేశారట. కప్పు లేదు. ఇప్పుడు కఫీలు చేతికర్ర పట్టిన ముసలాయన. మమ్మల్ని గుర్తుపట్టి, చెట్లలో కూర్చుని ఖహ్వా తాగుదాం రమ్మని ముందు నడిచాడు. వంతెన మొదట్లోకి రాగానే, ఏమీ లేని చోట, కుడికాలు కాస్త ఎత్తి వేశాడు. ఆ సంగతి ఆయనకు తెలియనే తెలియదు. ఆయన వెనక డ్రైవరన్న కాలెత్తాడు. నేనూ ఎత్తాను.

మా వెనక కఫీలు మనవడు ఫోను చూసుకుంటూ నేరుగా నడిచి వచ్చేశాడు. అతని తప్పేముంది, అతనికి అక్కడ దాటవలసింది ఏదీ లేదు. మేము ముగ్గురం ఉన్నన్నాళ్లూ మామ కట్టిన ఇల్లు అక్కడ ఉంటుంది. ఆ తర్వాత అది ఒట్టి వంతెన.