అది పాట కాదు

"గొంతు మల్ల బొంగురు పోయింది గదనే. జర వేడినీళ్ళు తాగు."

"నా గొంతు ఎన్నడు మంచిగుండె?"

"అదీ నిజమే. సరే, బస్సొచ్చింది. పోతున్న."

నా పెనిమిటీ నేనూ ఆఖరుగా మాట్లాడుకున్నవి ఈ మాటలే. పొద్దున్నే డ్యూటీకి పోతూ ఫోన్ చేశాడు. ఆయన ఉండేది కంపెనీ క్యాంప్‌లో. నేను ఐన్ ఖాలిద్‌లో ఒక ఇంట్లో వంట చేస్తూ అక్కడే పడుకునేదాన్ని. ప్రపంచ కప్పు ఆటలకోసం ఖతర్‌లో స్టేడియాలూ రోడ్లూ ఒక్కసారే లేస్తున్న రోజులవి. ఒకే దేశంలో ఉండి కూడా శుక్రవారం వస్తే తప్ప ఒకరి ముఖం ఒకరం చూసుకునేవాళ్ళం కాదు.

నాకు సంతకం వరకే వచ్చు. ఫోన్‌లో నేను చెప్తుంటే మా అన్న కూతురు రాస్తోంది. నా యాసలో కాదు, పుస్తకంలో రాసినట్టు రాయమన్నాను. మేము మాట్లాడుకున్న మాటలు మాత్రం మార్చొద్దన్నాను.

నాది పుట్టుకతోనే గరుకు గొంతు. పెళ్ళిపాటలప్పుడు మా ఊరి ఆడవాళ్ళు నన్ను వెనక్కి నెట్టేవాళ్ళు. చావు జరిగితే మాత్రం నాకోసం మనిషిని పంపేవాళ్ళు. మా వైపు ఆడవాళ్ళు శవం పక్కన కూర్చుని, పోయినవాళ్ళను వరసపెట్టి పిలుస్తూ, వాళ్ళు పడిన కష్టాలన్నీ తలుచుకుంటూ రాగం తీసి ఏడుస్తారు. దాన్ని శోకం అంటాం. పోయిన మనిషికి అక్కో, తల్లో, బిడ్డో అయిపోతే తప్ప శోకం రాదు. మా అమ్మ ఏడుస్తుంటే పక్కన కూర్చుని నేర్చుకున్నాను.

ఖతర్‌లో మొదటిసారి ఏడ్చింది నా పెనిమిటి గదిలో ఉండే ఒక కుర్రవాడి కోసం. శవాన్ని ఊరికి పంపేముందు ఆసుపత్రి వెనక మగవాళ్ళంతా చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఏడవడానికి ఒక్క ఆడమనిషి లేదు. నా పెనిమిటి నా వైపు తిరిగి, "గిట్ల మూగగ పంపుడేంది? నువ్వు ఏడ్వు" అన్నాడు. ఆ పిల్లవాడికి తల్లినయ్యాను.

ఇనుప సలాకలు మోసి ఇల్లు గడ్తివి కొడుకా,
ఇంట్ల పండకముందే పెట్టెల పంటివి కొడుకా.

ఆ తర్వాత మనవాళ్ళలో ఎవరు పోయినా నాకు కబురొచ్చేది. కొన్నాళ్ళకు చావు లేకపోయినా పిలవడం మొదలుపెట్టారు. శుక్రవారం అల్ ముంతజాలో ఒక గదిలో కూడేవాళ్ళం. ఎండ మీద, క్యాంప్ బస్సు మీద, ఇంటినుంచి రాని ఫోను మీద నేనే కట్టి పాడేదాన్ని. వాళ్ళు రికార్డు చేసి ఒకరికొకరు పంపుకునేవాళ్ళు. ఎక్కడో మదీనత్ అల్ షమాల్‌లో పనిచేసేవాళ్ళకు కూడా నా ముఖం తెలియదు గానీ గొంతు తెలుసు. హైదరాబాద్ డ్రైవర్ భాయ్ ఒకాయన, "అక్కా, జర తిన్నంక పాడు. నీ పాట ఇంటే బిర్యానీ గూడ దిగుతలేదు" అనేవాడు.

ఒకసారి చనిపోయినతని భార్య ఊళ్ళో ఉందని, ఆమెకు బదులుగా ఏడవమన్నారు. మొగుడా, మొగుడా అని ఏడ్చాను. ఎవరో అది రికార్డు చేశారు. ఆ చేయీ ఈ చేయీ మారి, ఎవరిదో చెప్పే మాట ఒక్కటీ లేకుండా మా ఊరు చేరింది. మా అత్త నా గొంతు గుర్తుపట్టి నేలమీద పడిపోయింది. ఊరంతా వాకిట్లో కూడింది. డప్పులవాళ్ళు కూడా వచ్చేశారు. అప్పుడు నా పెనిమిటి ఫోన్ చేశాడు.

"అవ్వా, నేనే."

"ఎవనివిరా నువ్వు? నా కొడుకు సచ్చిండు!"

"సచ్చినోడు మాట్లాడ్తడానే? ఆ డప్పులోళ్ళకు చాయ పోసి పంపు."

ఆ శుక్రవారం గదిలో అందరికీ చెప్పి నవ్వించాడు. "నా సావుకు ఎవలెవలు వచ్చిన్రో ఎరికైంది. రానోళ్ళను యాదిపెట్టుకుంట." అట్లా అనకని నేను కసిరాను. ఊరివాళ్ళకు మాత్రం గట్టిగా చెప్పాడు: "ఇగ నుంచి అది ఏడ్సినా నమ్మకున్రి. అది పాట."

వాళ్ళు ఆ మాట నిలబెట్టుకున్నారు.

వేసవిలో, పొద్దెక్కిన ఎండలో ఆయన సలాకలు కడుతూ, కళ్ళు తిరుగుతున్నాయని నీడకు వెళ్ళి కూర్చున్నాడట. పిలిస్తే లేవలేదు. నేను పనిచేసే ఇంటివాళ్ళు సెలవులకు వేరే దేశం వెళ్ళారు. ఆ రోజుల్లో పనిచేసే ఇంటి సాబ్ సంతకం లేనిదే నాలాంటి వాళ్ళు దేశం దాటడానికి లేదు. మా సాబ్ ఫోను ఎత్తలేదు. శవపేటిక నేను లేకుండానే వెళ్ళాలి. దాని మీద చేతులు పెట్టి ఏడ్చాను. నా పెనిమిటి స్నేహితుడు ఒకడు పక్కనే ఉంటే, "రికార్డు చెయ్యి తమ్మీ. నేను పోలేను, నా ఏడుపన్న పోనీ" అన్నాను.

ఊరినుంచి జవాబులొచ్చాయి. "ఈసారి మస్తు కుదిరిందక్కా." "ఏడిపిచ్చినవ్ పో." స్నేహితుడు మా అత్తకు ఫోన్ చేస్తే, "మొన్న గూడ సచ్చిండు బిడ్డా, మల్ల లేసిండు" అని పెట్టేసింది. నేను చేశాను. మాట రాలేదు, ఏడుపే వచ్చింది.

"సాలు తియ్, నీ పాటలు. ఫోను వానికియ్యి."

"అత్తా, లేడు."

"డ్యూటీల ఉన్నడా? వచ్చినంక చెయ్యమను."

ఆ తర్వాత ఎవరు చెప్పినా నమ్మలేదు. పెట్టె ఇంటిముందు దిగేటప్పటికి ఆమె కూర కోసుకుంటోందట. ఊరంతా పనులకు పోయింది. చుట్టాలకు కబురు లేదు. దించినవాళ్ళు డ్రైవరూ, అతనితో వచ్చిన ఇంకొకతనూ. ఆమె ఎంతసేపు ఒక్కతే ఆ పెట్టెముందు నిల్చుందో నేను అడగలేదు. తర్వాత నాతో అంది, "నిజంగ ఏడుస్తున్నవని నాకెట్ల తెలుస్తది బిడ్డా?" ఆమెను ఏమనను?

ఇప్పటికీ గదుల్లో, బస్సుల్లో ఆ రికార్డు పెట్టుకుని వింటున్నారు. మొన్న కూరగాయల దుకాణంలో ఒకతను గొంతు గుర్తుపట్టి, "అక్కా, గా పెట్టె పాట ఒక్కసారి పాడరాదు" అన్నాడు. అది పాట కాదు నాయనా అంటే నవ్వాడు. శుక్రవారాలు నేను పోవడం మానేశాను. పాడినన్నాళ్ళూ ఇంకొకరి పెనిమిటికోసం ఏడ్చినదంతా నమ్మారు. నా పెనిమిటికోసం ఏడ్చింది ఒక్కటీ నమ్మలేదు. ఇది అచ్చులో పడితేనైనా నమ్ముతారేమో.

బిడ్డా, ఇగ మొదటి నుంచి చదివి వినిపియ్యి. పెట్టె దగ్గర నేను పాడిన్నని ఎక్కడన్న రాసినవంటే కొట్టెయ్యి. ఏడ్సిన అని రాయి. ఊ, చదువు.