శాంతమ్మ గారి బైబిల్లో పదహారు పేజీలు

2022 వానాకాలంలో జరిగిన సంగతి ఇది. అనకాపల్లిలో బెల్లం మార్కెట్టుకు వెళ్లే దారిలో, ఒక సందు మొదట్లో మా బైండింగు షాపు ఉంది. షాపంటే ఒక గది, ఒక చెక్క ప్రెస్సు, ఒక కటింగు మిషను, మైదా జిగురు ఉడికించే సత్తు గిన్నె. మా ఆయన పోయాక పనంతా నేనే చూసుకుంటున్నాను. స్కూలు రిజిస్టర్లు, కాలేజీ పిల్లల ప్రాజెక్టులు, అన్నీ వస్తాయి గానీ నాకు పేరు తెచ్చినవి బైబిళ్లు. పాయకరావుపేట నుంచి కూడా సంచుల్లో పెట్టుకుని తెస్తారు.

ఈ పనిలో మొదటి పద్దెనిమిదేళ్లు నాకు చదువు రాదు. చదువు రాకుండా పుస్తకాలెలా కుట్టావని చాలామంది అడుగుతారు. పుస్తకం విడి కాగితాలతో తయారవదు. పెద్ద కాగితం మీద అచ్చువేసి, మడతలు పెడితే పదహారు పేజీల చిన్న కట్ట అవుతుంది. దాన్ని ఫారం అంటాం. ప్రతి ఫారం వీపు మీద ఒక నల్ల గుర్తు ఉంటుంది. ఒక్కో ఫారానికి ఆ గుర్తు కొంచెం కిందికి జరుగుతుంది. ఫారాలన్నీ వరసగా పేరిస్తే గుర్తులు మెట్లలా దిగుతాయి. నేను ఆ మెట్లు చూసి కుట్టేదాన్ని. లోపల ఏముందో నాకు తెలిసేది కాదు.

నలభై నాలుగో ఏట నాకు అక్షరాలు నేర్పింది శాంతమ్మ గారు. ఆవిడ బైబిల్ ఉమన్. అంటే చర్చి తరఫున ఇళ్లకు వెళ్లి ఆడవాళ్లకు బైబిలు చదివి వినిపించడం, చదువు రాని వాళ్లకు నేర్పడం. కోటవురట్ల దగ్గర పల్లెల నుంచి రాంబిల్లి సముద్రం ఒడ్డు దాకా కాలినడకన తిరిగిన మనిషి. పెళ్లి చేసుకోలేదు. మాకు వేరే వాచకం లేదు, బైబిలే వాచకం. అందుకే నాకు అక్షరమంటే బైబిలు, బైబిలంటే అక్షరం. రెండూ ఒకే చేతి మీదుగా ఒకేసారి వచ్చాయి.

ఎనభై దాటాక నీటికాసులతో ఆవిడ చూపు పోయింది. అప్పట్నుంచి రోజూ మూడు గంటలకు షాపు తలుపు దగ్గరగా వేసి, చర్చి వెనక ఉన్న ఆవిడ గదికి వెళ్లి, ఒక గంట బైబిలు చదివేదాన్ని. ఎవరొచ్చినా ఆవిడ, "నా కళ్లు రత్నం కాడున్నాయి" అని నా పేరు చెప్పేవారు. ఆ మాట వినడానికి నేను అన్నం మానేసి అయినా వెళ్లేదాన్ని.

అలాంటి రోజుల్లో సునీత వచ్చింది. శాంతమ్మ గారి తమ్ముడి మనవరాలు. పాయకరావుపేటలో జూనియర్ కాలేజీలో తెలుగు లెక్చరర్. ఆదివారాలు బస్సెక్కి వచ్చేది. మంచి పిల్ల, నాకు మర్యాద ఇచ్చేది, అదే నాకు కష్టంగా ఉండేది. చెడ్డదైతే నా పని సులువయ్యేది.

నేను వేలు పెట్టి చదువుతాను. ఆ పిల్ల పేజీ మీద వేలు పెట్టదు. ఆ చేతిని మామ్మ చేతిలో పెట్టి చదువుతుంది. అది చూసిన రోజు నేను కూర్చోకుండానే షాపుకు తిరిగొచ్చేశాను.

ఒక ఆదివారం నేను వెళ్లేసరికి సునీత చదువుతోంది. గుమ్మంలో ఆగాను. అది బైబిలు కాదు. సునీత రాసి, విశాఖపట్నంలో అచ్చు వేయించుకున్న పదహారు పేజీల కథ. న్యాయాధిపతుల గ్రంథం పదకొండో అధ్యాయంలో ఒక సేనాని ఉన్నాడు. యుద్ధం గెలిస్తే, తిరిగొచ్చేటప్పుడు తన ఇంటి గుమ్మంలోంచి ఎదురొచ్చేదాన్ని దేవుడికి బలిస్తానని మొక్కుకుంటాడు. ఎదురొచ్చింది ఒక్కగానొక్క కూతురు. ఆ పిల్ల రెండు నెలల గడువడిగి, చెలికత్తెలతో కొండలకు వెళ్లి ఏడ్చి, తిరిగి వస్తుంది. తండ్రి మొక్కు చెల్లిస్తాడు. బైబిల్లో ఆ పిల్లకు పేరు లేదు.

సునీత కథలో ఆ పిల్లకు పేరుంది. కొండలకు వెళ్లే ముందు ఆమె, మొక్కింది నువ్వయితే చెల్లించేది నేనెందుకని తండ్రిని అడుగుతుంది. రెండు నెలలూ అయ్యాక చెలికత్తెలు దిగి వస్తారు. ఆమె రాదు.

శాంతమ్మ గారు ఏడుస్తున్నారు. పదేళ్లు దాటింది నేను ఆవిడకు చదవడం మొదలుపెట్టి. ఆ అధ్యాయం కూడా ఎన్నోసార్లు చదివాను. ఆవిడ ఒక్కసారీ ఏడవలేదు. "ఊఁ, పై అధ్యాయానికెళ్లు" అనేవారు.

"బాగుందా మామ్మా?"

"మళ్లీ సదువు."

నన్ను ఏనాడూ మళ్లీ చదవమనలేదు.

ఆ తర్వాత నెలకే శాంతమ్మ గారి బైబిలు వీపు ఊడిపోయి షాపుకు వచ్చింది. సునీతే తెచ్చింది. దాంతో పాటు ఆ పదహారు పేజీల పుస్తకం కూడా.

"ఆంటీ, మామ్మ ఇది కూడా బైబిల్లో కలిపి కుట్టమంది. న్యాయాధిపతుల్లో, ఆ అధ్యాయం అయ్యాక."

"బైబిల్లో మనుషులు రాసింది కలపకూడదమ్మా. చివరి గ్రంథంలో ఏం హెచ్చరిక ఉందో నీకు తెలీదా?"

"తెలుసు. నేనూ వద్దనే చెప్పాను. మీరే చెప్పండి, మీ మాట వింటుంది."

నా మాట వింటుందన్నందుకు ఒక క్షణం ఉబ్బిపోయాను. ఆ సాయంత్రమే శాంతమ్మ గారి దగ్గరికి వెళ్లాను.

"టీచరమ్మగారూ, అది తప్పండి."

"పాటల పుస్తకం బైబిలుతో కలిపి కుడతావు కదే? అది దేవుడు రాసేడా?"

"అది ఎనకాల కుడతామండి. లోపల కాదు."

"నాకు లోపలే కావాలి. కుడతావా, ఇంకోలికి ఇమ్మంటావా?"

ఇంకొకరికి ఇవ్వనిస్తానా? కుడతానన్నాను.

ఆ బైబిలు విప్పినప్పుడు ముందున్న ఎండ్ పేపరు, అంటే అట్టకూ పుస్తకానికీ మధ్య ఉండే ఖాళీ కాగితం, చేతికొచ్చింది. దాని మీద శాంతమ్మ గారి తండ్రి సిరాతో రాసిన రాత ఉంది. మూడు నెలల బిడ్డ జ్వరంతో ఉందని, బతికితే జీవితాంతం దేవుని పనికి ఇచ్చేస్తానని, బతికింది గనక ఇచ్చేశానని. కింద సంతకం. ఎంత భక్తి అనుకున్నాను. ఆ కాగితం చిరగకుండా వెనక పల్చటి టిష్యూ అంటించి మళ్లీ ముందు పెట్టాను. అంతకు మించి ఆలోచించలేదు. నా ఆలోచనంతా ఆ పదహారు పేజీల మీదే ఉంది.

ఇక్కడ పని గురించి ఒక మాట చెప్పాలి. పుస్తకంలో కాగితం చేర్చడానికి రెండు దారులున్నాయి. ఫారం మడత మధ్యలోంచి సూది దింపి, మిగతా ఫారాలతో కలిపి కుట్టడం ఒకటి. దాన్ని సెక్షన్ సూయింగ్ అంటారు. పుస్తకం ఉన్నంతకాలం ఉంటుంది. రెండోది టిప్పింగ్. అంచుకు సన్నగా జిగురు రాసి పక్క పేజీకి అంటించేయడం. పైకి రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. కాని అంటించింది ఏడాదో రెండేళ్లో గడిచాక ఊడి చేతిలోకొస్తుంది.

నేను అంటించాను. సునీత పుస్తకానికి మధ్యలో ఉన్న రెండు ఇనప పిన్నులు కూడా తీయలేదు. అంచులు బైబిలు కొలతకు కోసి, మైదా జిగురు రాసి, ప్రెస్సులో పెట్టి బిగించాను. దేవుని వాక్యాన్ని కాపాడుతున్నానని నాకు నేను చెప్పుకున్నాను. ఊడిపోయిన రోజు టీచరమ్మగారు, "దేవుడి మాట కాదు గనకే నిలవలేదు" అనుకోవాలని నా ఆశ. పైన నల్ల కాలికో గుడ్డ, బంగారు అక్షరాలు. నా చేతిలోంచి అంత అందమైన బైబిలు మళ్లీ రాలేదు.

మూడు వారాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం వెళ్లగానే శాంతమ్మ గారు బైబిలు ఒళ్లో పెట్టుకుని ఉన్నారు.

"రత్నం, ఇలాగొచ్చి కూకో. ఏలు ఇలాగియ్యి."

నా వేలు పట్టుకుని ఒక మడత మధ్యలో పెట్టారు. అక్షరాలు దిద్దించేటప్పుడు పట్టుకున్నట్టే.

"ఏటి తగుల్తంది?"

"దారమండి."

కొన్ని పేజీలు తిప్పి మళ్లీ పెట్టారు. "ఇక్కడ?"

"దారం."

ఇంకొన్ని తిప్పారు. "మరిక్కడ?"

వేలు వెనక్కి లాక్కోబోయాను.

"పిన్ను," అన్నారావిడే. "బైబిలంతా దారం తగుల్తంది. ఈ పిల్లదానికొక్కదానికీ పిన్ను తగుల్తంది. ఎందుకు కుట్టనేదే?"

"కాగితం పల్చన కదండీ, సూది దింపితే సిరిగిపోద్దని..."

"బైబిలు కాగితం ఇంకా పల్చన. నాకు కళ్లు పోయేయి గానీ సేతులున్నాయి. నిజం సెప్పు."

పదమూడేళ్ల కిందట పలక మీద తప్పు రాసి చెరిపేసినప్పుడు కూడా ఇదే గొంతుతో అడిగారు. చెప్పేశాను.

"మీరు అది మళ్లీ సదవమన్నారు. నన్ను ఏ రోజూ మళ్లీ సదవమననేదు. బైబిలు కన్నా అదెక్కువయిపోయిందా మీకు? నిన్నగాక మొన్న రాసింది!"

"ఎక్కువని ఎవులన్నారే? ముందు పేజీలో మా నాన్న రాసింది సూసేవా?"

"సూసేనండి. సదివేను."

"అది బైబిల్లోదా?"

"కాదండి."

"మరి బైబిల్లో పెట్టి రాసేడు కదా. ఊళ్లో అందరూ అది బైబిలు మాటలాగే సూసేరు. నేనూ అలాగే సూసేను. పెళ్లి సంబంధాలొత్తే ఆ పేజీ తీసి సూపించీవోడు, అంతే, వచ్చినోలు లేచెళ్లిపోయీవోరు. నిన్ను అడిగి మొక్కేనా అని నాన్నా అననేదు, నీకిష్టమేనా అని పాస్టరుగారూ అననేదు. ఆయన రాత ముందు పేజీలో ఉండొచ్చు గానీ, దానికి జవాబు లోపల ఉండకూడదా?"

ఆవిడే మళ్లీ అన్నారు.

"నువ్వు సదివినప్పుడల్లా ఆ పిల్ల కొండ దిగి తిరిగొచ్చెత్తాది రత్నం. అది సదివితే రాదు. అందుకే మళ్లీ సదవమన్నాను."

అప్పుడు నాకు అసలు కోపం ఎక్కడుందో తెలిసింది. అది వాక్యం కోసం కాదు. సునీత చేతి కోసం కూడా కాదు.

"ఆ పిల్ల తిరిగి రాకపోతే నాకు అక్షరాలు ఎవులు నేర్పీవోరు, టీచరమ్మగారూ? మీరు పెళ్లి సేసుకుని, పిల్లల్ని కని, ఏ ఊళ్లోనో ఉండీవోరు. నేను ఆ నల్ల మెట్లే సూసుకుంటా సచ్చిపోదును. సునీత రాసిన కథలో నేను లేను. నాకు సోటే నేదు."

శాంతమ్మ గారు నవ్వారు.

"ఓలమ్మ ఓలమ్మ! అందుకా కుట్టనేదు! నేను తిరిగొచ్చేనే. నిజంగా వచ్చేను. నీకు నేర్పేను, నీలాంటోలికి ఎంతమందికో నేర్పేను. దానికి నాకు బాధ నేదు. కథలోనైనా ఎల్లనీ నన్ను."

బైబిలు నా ఒళ్లో పెట్టారు.

మర్నాడు కాలికో విప్పాను. దారమంతా కోసి, ఫారాలన్నీ విడదీశాను. జిగురు తడిపి ఆ పదహారు పేజీలూ ఊడదీసి, పిన్నులు లాగేశాను. అప్పటికే తుప్పు మొదలైంది. కుట్టే ముందు నేను మొదటిసారి ఆ కథను వేలు పెట్టి, మొదటి నుంచి చివరి దాకా చదివాను. బైబిలుకు అది సాటి వస్తుందని ఆ రోజూ అనుకోలేదు, ఈ రోజూ అనుకోను. కాని బైబిలు చెప్పి వదిలేసిన చోట అది ఆగి ఒక ప్రశ్న అడిగింది. ఆ అధ్యాయం ఎన్నిసార్లు చదివినా ఆ ప్రశ్న నాకు తోచలేదు, ఎందుకంటే కూతురు తిరిగి రావడం వల్ల లాభపడిన దాన్ని నేను. ఇంత చక్కటి వాక్యాలు సునీతకు ఎలా వచ్చాయా అని మళ్లీ కడుపు మండింది. ఆ మంటతోనే సూదిలో దారం ఎక్కించి, మడత మధ్యలోంచి దింపి, ముందు ఫారానికీ వెనక ఫారానికీ కలిపి కుట్టాను.

ఆ తర్వాత శాంతమ్మ గారు ఒకటిన్నర సంవత్సరం బతికారు. రోజూ నేను, ఆదివారం సునీత. నేను ఆ అధ్యాయం చదివినప్పుడు ఆవిడ, "అయ్యాక అదీ సదివెయ్యి" అనేవారు. నేనే చదివేదాన్ని. రెండోసారి చదవమని మాత్రం నన్ను అడగలేదు.

పోయే ముందు బైబిలు సునీతకు ఇచ్చారు. నాకు వస్తుందని నేను అనుకున్నానని దాచను.

ఈ పనిలో నేను నేర్చుకున్నది చిన్న విషయం. పుస్తకం కుట్టాక ఇప్పుడు కళ్లు మూసుకుని ప్రతి ఫారం మధ్యలో వేలు పెట్టి చూస్తాను. ఎవరి మీద మనసులో ఏం పెట్టుకుని ఆ పని చేశానో కళ్లకు తెలియదు గానీ వేలికి తెలుస్తుంది.

కిందటి ఏడాది సునీత ఆ బైబిలు మళ్లీ తెచ్చింది. బాగా వాడినట్టుంది, అట్ట వదులైంది, కీర్తనల గ్రంథంలో రెండు ఫారాలు జారాయి. ఆ పిల్ల ముందే, కళ్లు మూసుకుని, న్యాయాధిపతుల్లో వేలు పెట్టాను.

"ఊడిందా ఆంటీ?" అంది.

"లేదమ్మా," అన్నాను. "ఇది గట్టిగానే ఉంది."