చవక తెల్ల గుళికలు

మా ఇంట్లో చేపలు తిన్నాకే మనుషులు తింటారు. పొద్దున దేవుడికి నైవేద్యం అయిందో లేదో, అమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ నేరుగా హాల్లో ఉన్న అద్దాల తొట్టి దగ్గరికి వస్తుంది. డబ్బా మూత తీసి చిటికెడు మేత వేస్తుంది. ఆమె చిటికె అంటే మూడు వేళ్ళ నిండా. తరవాత నా వంతు. వేయకుండా ఆఫీసుకు పోతే ఏదో అపచారం చేసినట్టు ఉంటుంది. సాయంత్రం వచ్చిన చుట్టాలు, కొండకు పోయొచ్చి ప్రసాదం ఇవ్వడానికి వచ్చినవాళ్ళు, పక్కింటివాళ్ళు, ఎవరైనా సరే, అమ్మ వాళ్ళ చేత తలా ఒక చిటికెడు వేయిస్తుంది. "వేయప్పా, నోరు లేని జీవాలు. పుణ్యం వస్తాది" అంటుంది.

తొట్టి నా భార్యది. చెన్నైలో ఉండే ఆమె తమ్ముడు ఇల్లు మారుతూ ఇచ్చేశాడు. ఉప్పునీళ్ళ తొట్టి. నారింజ రంగు చేపలు, కొన్ని రాళ్ళు, ఒక రాయి మీద బొటనవేలంత కోరల్, అంటే పగడపు జాతి జీవి. అది పుట్టగొడుగు ఆకారంలో ఉంటుంది. ముట్టుకుంటే తోలులా ఉంటుంది గనక లెదర్ కోరల్ అంటారు. గొడుగు పైనంతా సన్నటి వేళ్ళ లాంటివి. నీళ్ళు నచ్చితే అవి విచ్చుకుంటాయి, నచ్చకపోతే లోపలికి ముడుచుకుంటాయి.

తొట్టి మా ఇంటికి వచ్చేనాటికి నా భార్యకు గొంతు ఆపరేషన్ అయి ఉంది. అంతకు ముందు వీధిలో పిల్లలకు పాశురాలు నేర్పేది. ధనుర్మాసంలో మా వరండాలో కాలు పెట్టడానికి చోటుండేది కాదు. ఆపరేషన్ తరవాత ఆమె గొంతు గుసగుసకు కొంచెం పైన, మాటకు కొంచెం కింద ఆగిపోయింది. పిల్లలు రావడం మానేశారు. ఆమె తొట్టి ముందు కుర్చీ వేసుకుంది. బొటనవేలంత కోరల్ ఆమె కళ్ళ ముందే అరచేయంత అయింది. పొద్దున లేచి, అది విచ్చుకుందని చూసుకున్నాకే ఆమె మొహం తేటపడేది. అది నాకు తెలుసు. తెలిసి కూడా ఆ పని చేశాను.

పోయిన ఎండాకాలం దాటాక రాళ్ళ మీద పచ్చటి నాచు లేచింది. జుట్టులా పెరిగి కోరల్ మొదలు దాకా పాకింది. చిన్న గాజు గొట్టంలో తొట్టి నీళ్ళు తీసుకుని మందు చుక్కలు కలిపితే నీలంగా తిరిగాయి. ఎంత నీలమైతే నీళ్ళలో అంత ఫాస్ఫేట్ ఉన్నట్టు. మేతలో ఉండేదే కరిగి మిగిలిపోయి నాచుకు ఎరువు అవుతుంది.

"మేత తగ్గిస్తే చాలండి," అంది నా భార్య. "అత్తకు మీరు చెప్పండి. నేను చెప్తే వినపడదు."

అది ఎత్తిపొడుపు కాదు. అమ్మకు చెవులు మందం, ఈమెకు గొంతు లేదు. వాళ్ళిద్దరి మధ్య మాట మోయవలసినవాణ్ణి నేనే.

"ఫాస్ఫేట్‌ను పీల్చే గుళికలు ఉంటాయిలే. ఫిల్టర్‌లో వేస్తే సరిపోతాది," అన్నాను. అమ్మకు ఆ ఒక్క మాట చెప్పడం కంటే గుళికలు కొనడం నాకు తేలిక.

మొదట తెప్పించినవి ఇనుముతో చేసినవి, తుప్పు రంగువి. చెన్నైలో చేపల తొట్టి సామాన్లు అమ్మే అంగడి నుంచి పుత్తూరు మీదుగా వచ్చే బస్సులో పార్సెల్ వచ్చింది. మంచివే. నీలం పలచబడింది. కానీ మా ఇంట్లో పడే మేతకు అవి ఫాస్ఫేట్ పీల్చి తొందరగా నిండిపోయేవి. నిండినవి పారేసి కొత్తవి వేయాలి. డబ్బా ధర చూస్తే ప్రతిసారీ ప్రాణం ఉసూరుమనేది. ఇంతకంటే చవకవి లేవా అని అంగడాయనకు ఫోన్ చేశాను.

"ఉండాయి సార్, అల్యూమినియంతో చేసేవి. తెల్లగా ఉంటాయి. మీ దాంట్లో లెదర్ ఉందన్నారే? దానికి అవి పడవు. తప్పదంటే కొంచెంగా వేయండి, బాగా కడిగి, కొద్ది రోజులే." ఆయన తమిళ యాసలోనైనా విడమరిచే చెప్పాడు. నేను సరేనన్నాను.

నా చిన్ననాటి స్నేహితుడు ఒకడు చిత్తూరు వైపు పల్లెల్లో, తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ తీసే ఫిల్టర్లు బాగుచేస్తాడు. ఆ ఫిల్టర్లలో వేసేవి కూడా అవే తెల్ల గుళికలు. వాడి ఇంట్లో సగం మూట మిగిలి ఉందని విని పోయాను.

"ఫ్లోరైడ్ పీల్చేవి ఫాస్ఫేట్ పీల్చవా అప్పా?"

"ఎందుకు పీల్చవు? తీస్కో పో," అన్నాడు వాడు. "సముద్రాన్ని మిద్దె మీదికి ఎక్కించుకొని, దానికి మందు నన్ను అడగతా ఉండావు. రేపు అలలు రాలేదని ఫోన్ చేయొద్దు."

"చేయనులే."

"మా చెల్లెమ్మకు చెప్పినావా?"

"చెప్తాను."

ఇంటికొచ్చాక నా భార్య ఆ గుళికలను చేతిలో పోసుకుని చూసింది. "కోరల్‌కు ఏం కాదు గదా?"

"మనుషులు తాగే నీళ్ళలోనే వేస్తారు. దానికేమవుతాది," అన్నాను. అంగడాయన మాట చెప్పలేదు. పాత పంచె ముక్కలో మూటకట్టి, పైపైన కడిగి, తొట్టి వెనకాల ఫిల్టర్‌లో పెట్టాను. కొంచెం వేయమన్నాడు ఆయన. ఊరికే వచ్చినవి కదా అని మూట నిండా వేశాను.

కొద్ది రోజులకే నాచు వాలిపోయింది. మందు చుక్కలు కలిపినా గాజు గొట్టంలో నీళ్ళకు నీలం దాదాపు రాలేదు. దాన్ని వెలుతురుకు పట్టి అందరికీ చూపించాను. "చేపలు కళగా ఉండాయి," అని అమ్మ ఇంకో చిటికెడు వేసింది.

ఆ వారంలోనే కోరల్ ముడుచుకుంది. వేళ్ళన్నీ లోపలికి పోయి, గొడుగు నున్నగా, బూడిద రంగుగా అయింది.

"పొర వదలతా ఉంటాది," అన్నాను. అబద్ధం కాదు. ఆ జాతి అప్పుడప్పుడూ ముడుచుకుని, మైనం లాంటి పొర రాల్చి మళ్ళీ విచ్చుకుంటుంది. నిజాన్ని అడ్డం పెట్టుకోవడం అబద్ధం చెప్పడం కంటే సుళువని అప్పుడు తెలిసింది. ఆమె నమ్మి కుర్చీలో కూర్చుని ఎదురుచూసింది. నేను ఆమె స్నానానికి పోయినప్పుడు మూటలో సగం తీసేశాను. రెండు రోజులకు మిగతా సగమూ తీశాను. నీళ్ళు మార్చాను. ఆమె చూడకుండా తుప్పురంగు గుళికలు తెప్పించి వేశాను. కోరల్ తెరుచుకోలేదు. గొడుగు అంచు ఒక పక్క వాలింది. మొదలు నల్లబడింది. ఇంకేం చేయాలో నాకు తెలియలేదు. పొద్దున లేవగానే తొట్టి వైపు చూడకుండా పళ్ళు తోముకోవడానికి పోయేవాణ్ణి.

ఒక ఆదివారం ఆమె ఫిల్టర్ మూత తీసి చూసింది.

"తెల్ల గుళికల మూట ఏమైంది?"

"తీసేసినాను."

"ఎందుకు?"

అప్పుడు చెప్పాను. అంగడాయన ఫోన్లో అన్నది, ఎంత వేయమన్నది, నేను ఎంత వేసింది.

"ముందే తెలుసా మీకు?"

"తెలుసు."

అరవడానికి ఆమెకు గొంతు లేదు. ఆ క్షణంలో అది నాకు ఊరటగా అనిపించింది. చేసిన పని కంటే ఆ ఊరట నన్ను ఎక్కువ కాలుస్తుంది.

ఆమే ఫోన్ తీసుకుని అంగడాయనకు కోరల్ ఫోటో పంపింది. కుళ్ళిన మొదలు వదిలేసి, గట్టిగా ఉన్న గొడుగు భాగాన్ని బ్లేడుతో కోసి వేరే రాయికి కట్టి చూడమని, బతకొచ్చు, బతక్కపోనూ వచ్చని ఆయన చెప్పాడు.

మరునాడు పొద్దున బక్కెట్లో తొట్టి నీళ్ళు పోసుకుని, కోరల్ ఉన్న రాయిని అందులో పెట్టి కోసింది. అరచేయంత ఉన్నదానిలో రెండు వేళ్ళంత మిగిలింది. కోసిన చోట చిక్కటి జిగురు సాగింది. నేను పక్కన కూర్చున్నాను. నైవేద్యం ముగించుకుని అమ్మ వచ్చి, మేత డబ్బా మూత తీసింది.

"అత్తా, వద్దు," అంది నా భార్య, తల ఎత్తకుండానే.

అమ్మకు వినపడలేదు. పెదవులు కదిలినట్టు మాత్రం కనిపించినట్టుంది. నా వైపు తిరిగింది. "ఏమంటా ఉండాదిరా?"

"మేత వద్దంటా ఉండాదిమా," అన్నాను. మళ్ళీ, గట్టిగా, "నేనూ వద్దంటా ఉండాను. మేత ఎక్కువై నీళ్ళు చెడిపోయినాయి. నీకు చెప్పలేక ఏవో గుళికలు తెచ్చి వేసి, దీన్ని ఇట్ల చేసినాను."

అమ్మ బక్కెట్లోకి చూసింది. "అయితే ఇన్నాళ్ళూ నేను పెట్టింది చెరుపా?"

"నువ్వు కాదుమా. చెప్పనిది నేను."

"చెప్పుంటే మానేసుందును గదరా. నేనేం అంత మూర్ఖురాలినా?"

ఇన్ని నెలలూ నేను భయపడింది ఈ మాటకేనా అనుకున్నాను. అమ్మ వేళ్ళ మధ్య ఉన్న మేతను మళ్ళీ డబ్బాలో రాల్చి, మూత పెట్టి వంటింట్లోకి పోయింది. చేపలకు మేత వేయకుండా ఆమె తినదు. కాఫీ కూడా తాగలేదని వంటింట్లో చప్పుడు లేకపోవడం వల్ల తెలుస్తూనే ఉంది.

నా భార్య కోసిన ముక్కను చిన్న రాయి మీద పెట్టి దారం చుట్టింది. జిగురుకు అది జారి నీళ్ళలో తేలింది. మళ్ళీ పట్టుకుని పెట్టింది. మళ్ళీ జారింది.

"ఈ కొస పట్టుకోండి," అంది.

పట్టుకున్నాను. గట్టిగా లాగితే దారం ఆ మెత్తటిదాన్ని కోసేస్తుంది, వదులుగా పట్టుకుంటే జారిపోతుంది. ఎంత లాగాలో ఆమె చెప్పలేదు. ఆమె వేళ్ళు ఎటు కదిలితే అటు దారాన్ని జరుపుతూ కూర్చున్నాను.