కప్పు కొట్టి చూసే చెవి

పిల్లనిచ్చిన మా మామకు చదువు రాదు. నేను తెలుగు ఎమ్మే. అయినా కవిత్వం ముందు మా ఇద్దరిలో ఎవరు పంతులో నాకు భూపాలపల్లిలో, ఆయన నులకమంచం దగ్గరే తెలిసింది.

ఆయన పాతికేళ్లు బొగ్గుబాయిలో కాంట్రాక్టు పని చేశాడు. భూమి లోపల పని మొదలుపెట్టే ముందు పొడుగాటి కర్రతో తలమీది కప్పును కొట్టి వినాలట. ఖణేల్‌మంటే గట్టి. డబడబమంటే లోపల పొర విడిచిందని లెక్క, కింద నిలబడితే చావే. ఆ చప్పుడు విని విని ఆయన చెవి అట్లా తయారైంది. బాయి మూతపడి పని పోయినా చెవి పోలేదు. పుచ్చకాయ నుంచి కొత్తింటి గోడ దాకా వేలి కణుపులతో కొట్టనిదే దేన్నీ నమ్మడు.

ఒకసారి జనగామలో పాత పుస్తకాల కొట్టులో కొన్న కవితల సంకలనం నా చేతిలో చూశాడు. అన్నీ పని మీదా, పని పోవడం మీదా రాసినవి. "జర సదువు అల్లుడా, నేను ఇంట" అన్నాడు. నేను చదువుతుంటే పంక్తి పంక్తికీ మంచం పట్టెను కణుపులతో కొట్టాడు. నేను క్లాసులో ఊగిపోతూ పాఠం చెప్పిన కవితకు పెదవి విరిచాడు.

"బోలు. లొల్లి మస్తు చేస్తుండు గని, గీయన ఎన్నడు పార పట్టలే."

పేజీ అడుగున నాలుగు పంక్తుల కవిత ఒకటి ఉంది. మిల్లు మూసేశాక కూడా సైరన్ వేళకే మెలకువ వచ్చే మనిషి గురించి. అది చదివేసరికి ఆయన చెయ్యి గాలిలోనే ఆగింది. "గిది గట్టిది. కింద నిలబడొచ్చు" అన్నాడు.

అమ్మతోడు, నాకు ఒళ్లు జలదరించింది. ఆ కవిత మీదుగా ఎన్నిసార్లు పేజీ తిప్పానో! నా చదువంతా పైన పటారం, లోన లొటారం. అప్పటినుంచి పుస్తకం లేకుండా నేను భూపాలపల్లి బస్సెక్కలేదు.

ఈ ఏడాది మహబూబాబాద్‌లో నేను చెప్పే ప్రైవేటు కాలేజీలో పిల్లలంతా మార్కుల కోసం సంస్కృతం తీసుకున్నారు. తెలుగుకు మిగిలింది ముగ్గురు. నన్ను ఇక రావద్దన్నారు. ఇంట్లో చెప్పలేకపోయాను. మా అల్లుడు లెక్చరరని మామ బాయంతా చాటింపు వేసుకున్నవాడు మరి. ఏ మొహంతో చెప్పను? రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకుని, నా భార్య కట్టిన టిఫిన్ డబ్బా పట్టుకుని, రైల్వే స్టేషన్‌లో చివరి బెంచీ మీద కూర్చునేవాణ్ని. వారం తిరిగేసరికి ఆమె నా సంచిలో నీళ్ల సీసా కూడా పెట్టసాగింది. ఎండలు కదా అనుకున్నాను.

ఆ బెంచీ మీదే ఒక కవిత రాశాను. ఆదివారం ఇద్దరం భూపాలపల్లి వెళ్లినప్పుడు ఆ కాగితాన్ని పుస్తకం మధ్య దాచి, అచ్చులో ఉన్నదే అన్నట్టు చదివాను. ఎందుకంటే ఏం చెప్పను? నోటితో చెప్పలేనిది ఇట్లానైనా గాలికి తగిలిద్దామని.

"అరిగిన సుద్దముక్క నెలవంకై" అని మొదలుపెట్టాను. టక్కున కొట్టాడు. "బోలు." జ్ఞానదీపం ఆరిపోయిందన్నాను. "గది గూడ బోలే. పువ్వులు మంచిగ కుట్టిండు." నా చెవులు కాలిపోతున్నాయి. ఎట్లాగో చివరికొచ్చాను.

"ఏ రైలూ ఎక్కను.
ఎరిగినవాళ్లు చూస్తారని
గోడవైపు తిరిగి డబ్బా విప్పుతాను."

చెయ్యి ఆగింది. గడపలో చిక్కుడుకాయలు తుంచుతున్న నా భార్య చేతులు కూడా ఆగాయి.

"గిది పుస్తకంల లేదు" అన్నాడు మామ, మెల్లగా. "గోడకు తిరిగి తిన్నోడే గీ మాట అంటడు. ఎన్ని దినాలాయె అల్లుడా?"

పుస్తకం మూసేశాను. "నెల దాటింది మామా."

తిడతాడనుకున్నాను. కనీసం మొహం తిప్పుకుంటాడనుకున్నాను. ఆయన నా మోకాలి మీద చెయ్యి వేశాడు. "బాయి మూసినంక నేను గూడ డబ్బా పట్టుకొని పోయిన. నాకు గోడ గూడ దొరకలే. చెట్టుకు మొకం తిప్పుకొని తిన్న."

పెళ్లయి ఇన్నేళ్లలో ఆయన ముందు నేను ఏడవడం అదే మొదలు. ఎంత పెద్ద మనిషి పక్కన కూర్చున్నానో అప్పుడు తెలిసింది నాకు.

"బిడ్డకు చెప్పు మరి" అన్నాడు, కళ్లు తుడుచుకుంటూ.

గడప వైపు తిరిగాను. ఆమె తలెత్తలేదు. కాయ ఈనె తీస్తూనే అంది:

"కొత్తగ చెప్పేదేంది? పక్కింటి ఆటో అన్న ఎప్పుడో చూసిండు నిన్ను. కాలేజీల ఫిల్టర్ నీళ్లుంటయని నువ్వే అంటుంటివి గద. స్టేషన్ల నల్లా నీళ్లు నీకు పడయనే సీసా పెడుతున్న."

రోజూ ఆ సీసాను ఖాళీ చేసి తెచ్చేవాణ్ని. ఎందుకు పెట్టావని ఒక్కరోజూ అడగలేదు.